ఖర్చు పంటకొకటి, లాట్లు మూడు: లెక్క ఎక్కడ తప్పుతుంది?

శిడ్లఘట్ట అయినా, రామనగర అయినా, హోసూరు అయినా, మనం ఒక పంట గూళ్ళన్నీ ఒకే రేటుకు అమ్మలేం. మంచి గూళ్ళు ఒక లాటు, రెండో రకం ఇంకో లాటు, జంటగూళ్ళు, మచ్చగూళ్ళు వేరే. లెక్క తప్పేది ఇక్కడే.

ఉదాహరణకి 200 గుడ్ల పంట ఒకటి తీసుకుందాం. 80 కిలోలు 600 చొప్పున, 40 కిలోలు 550 చొప్పున, 20 కిలోలు 300 చొప్పున పోయాయి. మొత్తం 140 కిలోలు, 76,000 రూపాయలు. చాకీ, కూలీలు, మందులు అన్నీ కలిపి ఖర్చు 25,000.

ఫోన్‌లో గూగుల్ షీట్స్‌లో ఒకే పట్టిక పెట్టి, మూడు లాట్ల పక్కనా ఆ 25,000 రాసి కూడితే ఖర్చు 75,000 అవుతుంది. మిగిలింది 1,000 అని చూపిస్తుంది. నిజంగా మిగిలింది 51,000. ఆ తప్పు లెక్క నమ్మి మల్బరీ తోట పీకేసినా పీకేస్తాం!

అందుకే మూడు పట్టికలు వేరువేరుగా పెట్టుకుందాం.

1. పంటలు: పంట నంబరు, చాకీ తెచ్చిన తేదీ, ఎన్ని గుడ్లు. పంటకు ఒకటే వరుస.
2. అమ్మకాలు: పంట నంబరు, కిలోలు, రేటు, డబ్బు. లాటుకో వరుస.
3. ఖర్చులు: పంట నంబరు, దేనికి, ఎంత. ఖర్చుకో వరుస.

మూడింటినీ కలిపేది పంట నంబరే. అమ్మకాలను, ఖర్చులను నేరుగా పక్కపక్కన అతికించకూడదు. సమ్‌ఇఫ్ ఫార్ములాతో అమ్మకాలు విడిగా, ఖర్చులు విడిగా కూడి, రెండు మొత్తాలనూ పంటల పట్టికలోకి తెచ్చుకుని, అప్పుడు తీసివేయాలి.

సగటు రేటు కూడా అంతే. మూడు రేట్లు కూడి మూడుతో భాగిస్తే 483 వస్తుంది, అది తప్పు. మొత్తం డబ్బును మొత్తం కిలోలతో భాగించాలి, 543 వస్తుంది.

దిగుబడి చూడండి. ఈ పంటలో వంద గుడ్లకు 70 కిలోలు. ఇంకో పంటలో 50 గుడ్లకు 20 కిలోలే వచ్చాయనుకోండి, అంటే వందకు 40. సగటు 55 కాదు. 250 గుడ్లకు 160 కిలోలు, అంటే వందకు 64.

చివరగా ఒక పరీక్ష. పంటల పట్టికలోని డబ్బు మొత్తం, అమ్మకాల పట్టికలోని మొత్తం సమానంగా రావాలి. రాకపోతే ఎక్కడో పంట నంబరు తప్పు పడింది, లేదా రాయడమే మరిచాం. అది సరిచేశాకే వచ్చే పంటకు ఎన్ని గుడ్లు పెట్టాలో నిర్ణయించుకుందాం.