చెవి కొస కత్తిరించిన పిల్లి కథ: పొలంలో పిల్లుల సంఖ్యను ఇట్ల ఆపుతున్నం

మా ఇబ్రహీంపట్నం పొలం వీడియోలో ఎడమ చెవి కొస లేని పిల్లిని చూసి, ఎవరన్నా కొట్టిండ్రా అని చాలామంది అడిగిండ్రు. ఎవరూ కొట్టలే. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందనే గుర్తు అది. మత్తులో ఉన్నప్పుడే డాక్టరు కత్తిరిస్తారు, అదే పిల్లిని మళ్లీ పట్టుకుపోకుండా.

మనం ఎలుకల మందు పెట్టం. కాబట్టి విత్తనాల గదికి పిల్లి కావాలి. కానీ మా దగ్గర రెండు పిల్లులు ఏడాదిన్నరలో పదకొండు అయినయ్. నాటుకోడి పిల్లలు మాయమవుడు మొదలైంది. అప్పుడు నేనొక తప్పు చేసిన. మూడు కూనలను గోనెసంచిలో వేసి మార్కెట్ దగ్గర వదిలొచ్చిన. తల్లి నాలుగు రోజులు కొట్టం చుట్టూ అరుస్తూ తిరిగింది. మూడు నెలలు తిరగకముందే మళ్లీ ఈనింది! పాలు తాగే కూనలు పోతే తల్లి తొందరగా ఎదకొస్తది, చూడి కాలం 63–65 రోజులే. నా అగ్రికల్చర్ డిప్లొమాలో పిల్లుల పాఠం లేదు మరి. పెద్దవాటిని తరిమినా, తిండి ఉన్న చోటుకు కొత్తవి వస్తయ్.

కూరగాయల మడికీ దీంతో సంబంధం ఉంది. పిల్లి మెత్తని మట్టి చూసుకొని మలం పోస్తది. అందులో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండొచ్చు. దాన్ని ఎక్కువగా విడిచేవి మొదటిసారి సోకిన చిన్న పిల్లులే. దానివల్ల మేకలు, గొర్రెలు ఈసుకుపోతయ్, గర్భిణులకూ ప్రమాదం. కూనలు తగ్గితే ఈ ముప్పు కూడా తగ్గుతది. అప్పటిదాకా మడికి మందంగా ఆచ్ఛాదన వేయండి, ఆకుకూరలు బాగా కడగండి.

పట్టుకునుడే అసలు పని. నాలుగైదు రోజులు బోను తలుపు కట్టేసి తెరిచే ఉంచి, లోపలే తిండి పెట్టాలి. పట్టినంక బోను మీద గుడ్డ కప్పితే బెదరదు. పాలిచ్చే తల్లైతే కూనలకు ఎనిమిది వారాలు నిండేదాకా ఆగండి. కూనలు మాత్రం ఐదు నెలలకే చూడి కట్టొచ్చు, లేటు చేయొద్దు. ప్రతి పశువుల దవాఖానలో పిల్లులకు ఈ ఆపరేషన్ చేయరు, ముందే అడగండి. మనకు రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ, హైదరాబాద్‌లో బ్లూక్రాస్ ఉన్నయ్. ఎన్ని గంటలు పస్తు ఉంచాలో డాక్టరునే అడగాలి. ఆపరేషనైన ఆడపిల్లిని మట్టిలోకి వదలకుండా, డాక్టరు చెప్పినన్ని రోజులు శుభ్రమైన గుడ్డ మీద ఉంచండి. నొప్పి అని పారాసిటమాల్ అస్సలు వేయొద్దు, పిల్లికి అది విషం.

మా దగ్గర ఏడింటికి అయింది. ఒక గండుపిల్లి ఇంకా బోనెక్కలే. ఈ రాత్రికి చేప తల పెట్టి చూస్తా.