సింహాసనం కోరని రాజకుమారుడు

మహాభారతంలో యుయుత్సుడు ధృతరాష్ట్రునికి వైశ్యకాంత యందు జన్మించినవాడు. యుద్ధారంభవేళ కౌరవపక్షాన్ని విడిచి పాండవులను చేరాడు. రాజరక్తం ఉన్నా రాజ్యార్హత లేని కుమారుని స్థితి ఎటువంటిదో ఆ పాత్ర తెలియజేస్తుంది. అటువంటి రాజకుమారుడే పన్నెండో శతాబ్దపు ఇంగ్లండు చరిత్రలోనూ కనిపిస్తాడు. అతడే గ్లోస్టర్ ప్రభువు రాబర్ట్.

రాబర్ట్ ఇంగ్లండు రాజు మొదటి హెన్రీకి వివాహేతర సంతానం. ధర్మపత్ని వలన కలిగిన ఏకైక పుత్రుడు విలియం 1120లో ఓడ మునిగి మరణించగా, హెన్రీ 1127లో తన కుమార్తె మటిల్డాను వారసురాలిగా ప్రకటించి సామంతులచేత ప్రమాణం చేయించాడు. ప్రమాణం చేసిన వారిలో రాబర్ట్‌తోపాటు రాజు మేనల్లుడు స్టీఫెన్ కూడా ఉన్నాడు.

సమర్థుడు, విద్యావంతుడు అయిన రాబర్ట్‌కే రాజ్యం ఎందుకు దక్కలేదన్న సందేహం కలగవచ్చు. అతని తాత విలియం కూడా వివాహేతర సంతానమే. అయినా 1066లో ఇంగ్లండును జయించి రాజయ్యాడు. కాని ఆ తరువాతి కాలంలో క్రైస్తవ మతాచార్యులు వివాహ నియమాలను కట్టుదిట్టం చేశారు. తాతకు అడ్డురాని జన్మ మనుమనికి అడ్డయింది.

1135 డిసెంబరులో హెన్రీ మరణించగానే స్టీఫెన్ ప్రమాణాన్ని విస్మరించి కిరీటం ధరించాడు. రాజ్యం చేపట్టమని కొందరు రాబర్ట్‌ను ప్రోత్సహించినా, అది తన సోదరి కుమారునికే న్యాయమని అతడు నిరాకరించాడని ఆనాటి ఒక చరిత్రగ్రంథం చెబుతున్నది. అయితే 1136లో అతడు కూడా స్టీఫెన్‌కు షరతులతో విధేయత ప్రకటించాడు. 1138లో ఆ విధేయతను త్యజించి, మరుసటి ఏడు మటిల్డాతో కలిసి ఇంగ్లండులో అడుగుపెట్టాడు. బ్రిస్టల్ కోట అతని స్థావరమైంది.

1141 ఫిబ్రవరిలో లింకన్ వద్ద జరిగిన యుద్ధంలో రాబర్ట్ సేనలు స్టీఫెన్‌ను బందీగా పట్టుకున్నాయి. విజయం చేతికందిందనుకున్న సమయంలో లండన్ పౌరులు తిరగబడి మటిల్డాను నగరం నుండి తరిమివేశారు. సెప్టెంబరులో వించెస్టర్ నుండి వెనుదిరుగుతున్నప్పుడు రాబర్ట్ వెనుక నిలిచి శత్రువులను ఎదిరించాడు. సోదరి తప్పించుకున్నది, అతడు బందీ అయ్యాడు. ప్రలోభాలు చూపినా పక్షం మారలేదు. చివరకు అతనిని విడిపించుకోవడానికి మటిల్డా బందీగా ఉన్న రాజునే విడిచిపెట్టవలసి వచ్చింది. ఆ పక్షంలో అతని స్థానం ఎంతటిదో చెప్పడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

1147లో రాబర్ట్ మరణించాడు. మరుసటి ఏడు మటిల్డా ఇంగ్లండును విడిచి వెళ్లింది. కాని పోరాటం వృథా కాలేదు. 1153 నాటి ఒడంబడిక ప్రకారం స్టీఫెన్ అనంతరం మటిల్డా కుమారుడు 1154లో రెండవ హెన్రీగా పట్టాభిషిక్తుడయ్యాడు. ఆ ఫలితాన్ని చూసే భాగ్యం రాబర్ట్‌కు దక్కలేదు.

రాబర్ట్ నిర్దోషి అని చెప్పలేం. విధేయత మార్చుకున్నాడు, అతని ఆస్తులకూ ఈ యుద్ధంతో సంబంధమున్నది. ఆ యుద్ధంలో గ్రామీణ ప్రజలు తీరని కష్టాలు అనుభవించారు. అయినా పుట్టుక తనకు నిరాకరించిన సింహాసనం కోసం కాక, తాను ప్రమాణం చేసిన సోదరి హక్కు కోసం పోరాడాడు. మనిషి విలువ అతని జన్మలో కాక, నడవడిలో ఉన్నదని రాబర్ట్ జీవితం మనకు బోధిస్తున్నది.