పన్ను పట్టుకుంటే పేరు చెప్పాలి!

బీడీఎస్ మొదటి ఏడాది విద్యార్థులను బాగా ఇబ్బంది పెట్టే పాఠాల్లో డెంటల్ అనాటమీ ఒకటి. రాత్రంతా మేలుకొని బట్టీ పట్టినా, ప్రాక్టికల్స్‌లో పన్ను చేతికిచ్చి 'ఇదేంటి?' అనగానే తెల్లమొహం వేస్తుంటారు. దీనికి కారణం తెలివి తక్కువ కావటం కాదు, చదివే పద్ధతే.

ఎందుకింత పట్టుదల?

పన్ను నొప్పితో వచ్చేవారు చాలాసార్లు ఏ పన్నో కచ్చితంగా చెప్పలేరు. కింది పన్ను పుచ్చితే నొప్పి పైదవడలో తెలియొచ్చు. సైనస్‌లో వాపు వస్తే పై దవడ పళ్లన్నీ సలపొచ్చు. శాశ్వత దంతాన్ని పొరపాటున తీసేస్తే మళ్లీ మొలవదు. అందుకే పళ్ల గుర్తింపు మార్కులతో ముగిసే వ్యవహారం కాదు.

ఆరేళ్ల వయసులో వచ్చే మొదటి మోలార్‌నే తీసుకోండి. ఇది ఏ పాలపన్నూ ఊడకుండానే, వాటి వెనకాల మొలుస్తుంది. దీంతో తల్లిదండ్రులు 'పాలపన్నేలే, ఊడి కొత్తది వస్తుంది' అనుకొని పుచ్చినా పట్టించుకోరు. పాలపళ్లు ఒక్కో పక్కన అయిదే. నడిమి గీత నుంచి లెక్కిస్తే ఆరోది శాశ్వత దంతమేనని ఇంట్లో అందరూ గుర్తుంచుకోవాలి.

ముందు పటం

నోటిని నాలుగు భాగాలుగా ఊహించుకోండి. శాశ్వత దంతాలకు కుడి పై భాగం 1, ఎడమ పై భాగం 2, ఎడమ కింది భాగం 3, కుడి కింది భాగం 4. పాలపళ్లకు ఇదే వరుసలో 5 నుంచి 8. కుడి, ఎడమ అన్నవి రోగివి, మనవి కావు. రెండో అంకె నడిమి గీత నుంచి ఎన్నో పన్నో చెబుతుంది. 36 అంటే ఎడమ కింద ఆరో పన్ను. దీన్ని 'ముప్పై ఆరు' అనకుండా 'మూడు-ఆరు' అని చదివితే పటం కళ్ల ముందుంటుంది.

నాలుగు ప్రశ్నలు

పన్ను చేతికి రాగానే వరసగా అడగండి. పాలపన్నా, శాశ్వతమా? ఇన్సైజర్, కెనైన్, ప్రీమోలార్, మోలార్‌లలో ఏ రకం? పై దవడదా, కింది దవడదా? కుడిదా, ఎడమదా? ఒక్కో జవాబుతో చిక్కుముడి సగం విడిపోతుంది.

ఒక్కో పన్నునూ విడిగా కాకుండా జంటలుగా పోల్చి చదవండి. పై మొదటి మోలార్‌కు సాధారణంగా మూడు వేర్లు. బుగ్గ వైపు రెండు, అంగిలి వైపు ఒకటి. కింది మొదటి మోలార్‌కు రెండే. ఒకటి ముందు, ఒకటి వెనక. దీని నమిలే భాగం మీద సాధారణంగా అయిదు కస్పులుంటాయి. ఇలా తేడాలు తెలిస్తే పోలికలు తికమక పెట్టవు.

పుస్తకం మూసేయండి

అమెరికా పరిశోధకులు రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగం ఆసక్తికరమైంది. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే, పాఠాన్ని మళ్లీ చదివినవారే మెరుగు. వారం తర్వాత మాత్రం గుర్తు తెచ్చుకొని రాసినవారిదే పైచేయి. కాబట్టి ఒకసారి చదివి, పుస్తకం మూసి, పన్ను బొమ్మను అయిదు వైపుల నుంచీ గీయండి. తర్వాత తప్పులు సరిచూసుకోండి. మర్నాడు, మూడు రోజులకు, వారానికి, నెలకు మళ్లీ గీయండి.

చేతులకూ చదువే

మైనంతో పన్ను చెక్కటాన్ని రికార్డు కోసం చేసే పనిగా చూడొద్దు. ఒంపు ఎక్కడుందో వేళ్లకు అప్పుడే తెలుస్తుంది. ప్లాస్టిక్ నమూనాలను గుడ్డ సంచిలో వేసి, చూడకుండా తడిమి పేరు చెప్పటం సాధన చేయండి. నాలుకతో మీ పళ్లనే తడిమి చూసుకోండి.

తీసిన పళ్లతో సాధన చేసేవారు అవి శుద్ధి చేసినవేనని కాలేజీలో నిర్ధారించుకోవాలి. గ్లౌజులు తప్పనిసరి. హెపటైటిస్-బి టీకా మోతాదులన్నీ పూర్తి చేసుకోవాలి.

తెలుగులో చెప్పుకోండి

తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు బెంగపడక్కర్లేదు. మీసియల్ అంటే నడిమి గీత వైపు, డిస్టల్ అంటే దానికి దూరంగా ఉన్న వైపు. ఇలా అమ్మకో, తమ్ముడికో తెలుగులో వివరించండి. వారికి అర్థమైతే మీకు వచ్చినట్టే. ఎక్కడ తడబడ్డారో అక్కడే మళ్లీ చదవాలి.

చివరగా వైద్యుడిగా ఒక మాట. నేర్చుకున్నది మెదడులో స్థిరపడటానికి నిద్ర అవసరం. పరీక్ష ముందురోజు రాత్రి జాగారం చేయటం కన్నా, రోజూ అరగంట సాధన చేసి వేళకు పడుకోవటమే మేలు.