గంతలు విప్పిన తరువాత...

బడి నుంచి వచ్చిన అమ్మాయి సంచీ దించకముందే అడుగుతుంది: "అమ్మీ, రేపటికి ఒక నల్లటి గుడ్డ కావాలి. కళ్ళకు గంతలు కట్టుకుని అరగంట నడవాలట. ఏమనిపించిందో ఒక పేజీ రాసి తీసుకురమ్మన్నారు."

డిసెంబరు 3 అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవం. ఆ తేదీ దగ్గర పడే కొద్దీ ఇలాంటి అభ్యాసాలు కొన్ని తరగతి గదుల్లో కనిపిస్తాయి. ఒకరు కళ్ళకు గంతలు కట్టుకుంటారు, ఇంకొకరు చెవుల్లో దూది పెట్టుకుంటారు, మరొకరు చక్రాల కుర్చీలో కూర్చుని వరండా దాటే ప్రయత్నం చేస్తారు. ఉపాధ్యాయుల ఉద్దేశాన్ని శంకించనవసరం లేదు. సాటి మనిషి కష్టం బిడ్డలకు తెలియాలని, వారి మనసులు మెత్తబడాలని వారు కోరుకుంటారు. ఆ కోరిక మంచిదే. అయితే ఆ గుడ్డముక్క బిడ్డకు నిజంగా ఏమి నేర్పుతోంది? తల్లిదండ్రులుగా మనం ఒక్క క్షణం ఆగి ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

మొదటి అరగంట పాఠం

గంతలు కట్టుకున్న బిడ్డ బల్లకు గుద్దుకుంటుంది. గుమ్మం దొరక్క గోడలు తడుముతుంది. భయపడుతుంది. గుడ్డ విప్పగానే "అమ్మయ్య" అని ఊపిరి పీల్చుకుంటుంది. మరునాడు తన పేజీలో ఇలా రాస్తుంది: "పాపం, గుడ్డివాళ్ళు ఏ పనీ చేసుకోలేరు. నాకు కళ్ళున్నందుకు నేను అదృష్టవంతురాలిని."

ఆమె అబద్ధం రాయలేదు. తన అనుభవమే రాసింది. కానీ అది చూపు లేని మనిషి జీవితం గురించిన అనుభవం కాదు. అప్పుడే చూపు కోల్పోయి, ఏ శిక్షణా అందని మనిషి మొదటి అరగంట అనుభవం మాత్రమే. చూపు లేనివారు కర్ర సాయంతో నడవడం నేర్చుకుంటారు. అడుగుల చప్పుడు, గాలి తాకిడి, నేల తీరు వారికి దారి చెబుతాయి. వేళ్ళతో బ్రెయిలీ చదువుతారు. తెరమీది అక్షరాలను బిగ్గరగా చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటరు మీద, ఫోనులో పని చేసుకుంటారు. ఏళ్ళ తరబడి సంపాదించుకున్న ఈ నేర్పు ఆ గుడ్డముక్కలో ఎక్కడుంది? అరబ్బీ అక్షరాలు ఎన్నడూ నేర్వని మనిషి చేతికి ఒక అరబ్బీ పుస్తకమిచ్చి, అరగంట తరువాత "ఈ భాష ఎవరికీ రాదు" అని అతనితో తీర్మానింపజేయడం ఎలా ఉంటుందో ఇదీ అంతే.

పరిశోధనలు ఏమంటున్నాయి?

ఈ సందేహాన్ని పరిశోధకులు పరీక్షించి చూశారు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన ఏరియల్ సిల్వర్‌మన్ తన సహచరులతో కలిసి చేసిన పరిశోధన 2015లో వెలువడింది. ఆమెకు స్వయంగా చూపు లేదు. కళ్ళకు గంతలు కట్టుకుని పనులు చేసినవారు, అంధులు ఉద్యోగం చేయడానికీ స్వతంత్రంగా జీవించడానికీ అంతగా సమర్థులు కారని భావించారు. అంధత్వాన్ని అనుకరించనివారిలో ఈ చులకన అంతగా లేదు. అంతేకాదు, తమకే చూపు పోతే ఆ స్థితికి అలవాటు పడడానికి చాలా కాలం పడుతుందని కూడా గంతలు కట్టుకున్నవారు ఊహించుకున్నారు. గౌరవం పెంచవలసిన అభ్యాసం చులకన భావాన్ని పెంచింది.

మిషెల్ నారియో-రెడ్‌మండ్ బృందం 2017లో మరో అధ్యయనాన్ని ప్రచురించింది. వినికిడి లోపాన్ని, కదలికలోని ఇబ్బందిని, చదవడంలోని తడబాటును విద్యార్థుల చేత అనుకరింపజేశారు. ఆ తరువాత వారిలో అయోమయం, సిగ్గు, నిస్సహాయత పెరిగాయి. తమకూ ఇలా జరుగుతుందేమోనన్న భయం ఎక్కువైంది. వికలాంగుల పట్ల జాలి, ఆదరం కూడా పెరిగాయి. ఇది ఒప్పుకోవలసిన విషయమే. కానీ వారితో కలిసిమెలిసి మెలగడం పట్ల వైఖరి మాత్రం మెరుగుపడలేదు. జాలి కలిగింది, చెలిమి కలగలేదు. మనకు కావలసింది రెండవదే కదా!

నవ్వులాటగా మారే క్షణం

తరగతిలో జరిగే మరో సంగతి పరిశోధనా పత్రాలు లేకుండానే మనకు తెలుసు. పదిమంది పిల్లలు గంతలు కట్టుకుని ఒకరి మీద ఒకరు పడుతుంటే మిగిలినవారు నవ్వకుండా ఉంటారా? కుంటుతూ నడిచి చూపమన్నా, నత్తిగా మాట్లాడమన్నా ఆ గది ఏమవుతుందో వేరే చెప్పాలా?

అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఒక హదీసు ఉంది. హజ్రత్ ఆయిషా (రజి) ఒకరి పొట్టితనాన్ని సూచిస్తూ మాట అన్నప్పుడు, ఆ మాట సముద్రపు నీటినే పాడుచేసేంతటిదని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆమె ఒక మనిషిని అనుకరించి చూపినప్పుడు, ఎంత లాభం కలిగినా సరే ఒకరిని అలా అనుకరించడం తమకు ఇష్టం లేదన్నారు. ఆ హదీసు హేళన సందర్భానికి చెందినది; తరగతి అభ్యాసం ఉద్దేశం హేళన కాదు. కనుక రెండింటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. అయినా ఒకరి శరీర స్థితిని మరొకరు నటించి చూపడం ఎంత సున్నితమైన విషయమో ఆ హదీసు గుర్తు చేస్తుంది. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన గాయం తగలకుండా పోదు.

ఆ గదిలో నిజంగానే వినికిడి తక్కువైన బాలిక ఒకరు కూర్చుని ఉండవచ్చు. నలుగురికీ తెలియకుండా నెట్టుకొస్తూ ఉండవచ్చు. తన రోజువారీ బతుకును తోటివారు పావుగంట ఆటగా ఆడి, దూది తీసిపారేసి, "హమ్మయ్య, నాకలా లేదు" అని రాసుకోవడం ఆమె చూస్తుంది. ఆ పాఠం ఎవరి మేలు కోసం మొదలైందో వారికే అది గుచ్చుకుంటుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వైకల్యం గలవారు సుమారు 2 కోట్ల 68 లక్షల మంది. కనుక ఈ ఊహ అంత దూరపుదేమీ కాదు. పైగా 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో ఆటిజం, తలసేమియా, సికిల్ సెల్ వ్యాధి కూడా ఉన్నాయి. వీటిని ఏ గుడ్డతో, ఏ దూదితో నటిస్తాం?

మదీనా మేల్కొన్న గొంతు

హజ్రత్ అబ్దుల్లా ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) పేరు మన ఇళ్ళలో చాలామందికి తెలుసు. 'అబస' సూరా అవతరణ ఆయన సందర్భంగానే జరిగింది. ఆయనకు చూపు లేదు. ఆయన మస్జిదె నబవీలో ముఅజ్జిన్. రమజాన్‌లో హజ్రత్ బిలాల్ (రజి) రాత్రి ఉండగానే అజాన్ ఇచ్చేవారు. సహరీ ముగించి ఉపవాసం ఆరంభించడానికి ప్రజలు ఇబ్నె ఉమ్మె మక్తూమ్ అజాన్ కోసం చెవులు రిక్కించేవారు. తెల్లవారిందని పక్కవారు చెప్పాకే ఆయన అజాన్ ఇచ్చేవారని హదీసులు తెలుపుతున్నాయి.

ఇక్కడ కాస్త నిలిచి చూడండి. ఆయనకు కావలసింది ఒకే ఒక్క మాట: "తెల్లవారింది." ఆ ఒక్క మాట అందిస్తే చాలు, నగరం మొత్తానికీ వేళ తెలిపే బాధ్యతను ఆయన నిర్వహించగలిగారు. దైవప్రవక్త (స) ప్రయాణమై వెళ్ళినప్పుడు మదీనాలో తమ ప్రతినిధిగా ఆయనను నియమించిన సందర్భాలూ ఉన్నాయి. ఆయనను అర్థం చేసుకోవడానికి అక్కడ ఎవరూ కళ్ళకు గుడ్డ కట్టుకోలేదు. ఆయనకు బాధ్యత అప్పగించారు, అవసరమైన చోట మాట సాయం అందించారు.

ఎవరు ఎవరికి దారి చూపాలి?

చీకటిని అనుభవంలోకి తెచ్చే పద్ధతులన్నీ ఒకటి కావు. 1988లో ఆండ్రియాస్ హైనెక్కె జర్మనీలో 'డైలాగ్ ఇన్ ద డార్క్' అనే కార్యక్రమం ప్రారంభించారు. హైదరాబాద్‌లోని ఇనార్బిట్ మాల్‌లో అది 2011లో మొదలైంది. సందర్శకులు చిమ్మచీకటి గదుల్లోకి వెళతారు. వారికి దారి చూపేది చూపు లేని మార్గదర్శకులు. అక్కడ తడబడేది చూపున్నవారు. నింపాదిగా, నేర్పుగా నడిపించేది చూపు లేనివారు. తరగతి గదిలోని గంతల ఆటలో లేనిది ఇదే: ఆ స్థితిలో జీవిస్తున్న మనిషి, ఆ మనిషి నేర్పు.

పాఠశాలలు దీని నుంచి నేర్చుకోవచ్చు. వైకల్యం గల న్యాయవాదినో, ఉపాధ్యాయురాలినో, వ్యాపారినో తరగతికి ఆహ్వానించవచ్చు. కష్టాలు ఏకరువు పెట్టమని కాదు, తమ పని ఎలా చేసుకుంటారో చెప్పమని. పిల్లలు ముందుగా ప్రశ్నలు సిద్ధం చేసుకోవాలి. వచ్చినవారికి వారి సమయానికి తగిన ప్రతిఫలం, మర్యాద దక్కాలి.

మరో మంచి అభ్యాసం కొలత టేపుతో జరుగుతుంది. చక్రాల కుర్చీ కోసం కట్టే వాలుదారి, అంటే ర్యాంపు, ఒక అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవు ఉండాలన్నది మన దేశంలో పాటించవలసిన ప్రమాణం. రెండడుగుల ఎత్తున్న గుమ్మానికి 24 అడుగులు కావాలి. మన బడి ర్యాంపు ఎంత పొడవుంది? మరుగుదొడ్డి తలుపులోంచి కుర్చీ పడుతుందా? గోడ మీది ప్రకటన చదవలేనివారికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? మన మస్జిద్ మెట్లకు పట్టుకునే కమ్మీ ఉందా? వుజూ చేసుకునే చోట కూర్చోలేని ముసలివారు ఏం చేస్తున్నారు? వినపడనివారికి జుమా ఖుత్బా సారాంశం రాతలో అందుతోందా? ఇవన్నీ కొలిచిన బిడ్డ "పాపం" అని రాయదు. "ఈ మెట్లు మార్చాలి" అని రాస్తుంది. లోపాన్ని మనిషిలో కాక మెట్లలో చూడడం నేర్చుకుంటుంది.

మన వంతు

నల్లటి గుడ్డ అడిగిన బిడ్డను మందలించకండి. ఉపాధ్యాయులతో తగవు కూడా వద్దు. ఒకసారి వెళ్ళి మర్యాదగా మాట్లాడండి. వారి సదుద్దేశాన్ని మెచ్చుకుని, ఈ రెండవ దారిని సూచించండి. అభ్యాసం చేయక తప్పదంటే, ఇంటికి వచ్చాక బిడ్డతో కూర్చుని అడగండి: "నువ్వు గుద్దుకున్నావు సరే, రోజూ అలా నడిచేవారు గుద్దుకోకుండా ఎలా నడుస్తున్నారు?"

జవాబు మీకూ తెలియకపోతే మరీ మంచిది. మన బంధువుల్లో, వీధిలో, మస్జిద్ సఫ్‌లో ఆ జవాబు తెలిసినవారు ఉండే ఉంటారు. బిడ్డ చేయి పట్టుకుని వారి ఇంటికి వెళ్ళండి. సలాం చెప్పండి. పక్కన కూర్చోండి. ఆ తరువాత వారు చెప్పేది వినండి.