షికారు నుండి యాత్రకు

తెలుగులో మనము నిత్యము వాడుకొను 'షికారు' అను మాట పారసీకము నుండి వచ్చినది. అక్కడ దాని అర్థము వేట. ఉర్దూలో నేటికిని 'షికార్' అనగా వేటయే. తెలుగునాట మాత్రము ఆ మాట వేటను విడిచిపెట్టి, సాయంకాలము చల్లగాలికి నాలుగడుగులు వేసి వచ్చుటకు పేరైనది. రెండు భాషలును వినిపించు మన కళాశాల వరండాలో ఒక విద్యార్థి 'నిన్న షికారుకు పోయినాను' అన్నచో, ఆతని చేతిలో తుపాకి ఉన్నదో లేదో వినువాని మాతృభాషను బట్టి తేలవలసినదే. ఒక మాటకు పట్టిన ఈ మార్పే పూర్వము ఒక చక్రవర్తి జీవితమునకును పట్టినది. ఆ సంగతి మన పత్తికొండకు సమీపముననే బండమీద చెక్కబడి ఉన్నది. మన విద్యార్థులలో ఎందరు దానిని చూచినారో మాకు సందేహమే.

గుత్తి నుండి పత్తికొండకు వచ్చు దారిలో, తుగ్గలి మండలమున, ఎర్రగుడి అను గ్రామము కలదు. ఊరికి వెలుపలనున్న చిన్న కొండమీది బండలపై అశోకుని పదునాలుగు పెద్ద శిలాశాసనములును, రెండు చిన్న శిలాశాసనములును ఉన్నవి. ఇన్ని శాసనములు ఒకేచోట దొరకుట దేశములోనే అరుదు. 1929లో ఒక భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ రాళ్ళలో తిరుగుచు వీటిని గుర్తించువరకు పండితలోకమునకు వీటి ఉనికి తెలియదు. గొర్రెలకాపరులకు ఆ బండలు అంతకు ముందునుండియు తెలిసినవే. వాటిమీది గీతలు అక్షరములని చెప్పువారు లేకపోయినారు, అంతే. దారి ఎరిగినవాడును, రాత ఎరిగినవాడును ఒకే బృందములో నడిచిననాడు గదా బండ మాటాడును!

ఆ పదునాలుగింటిలో ఎనిమిదవ శాసనము మా విషయమునకు ముఖ్యము. తనకు పూర్వమున్న రాజులు విహారయాత్రలకు పోయెడివారనియు, అందు వేటయు తక్కిన వినోదములును సాగెడివనియు, తాను పట్టాభిషిక్తుడైన పదియేండ్లకు సంబోధికి, అనగా బుద్ధుడు జ్ఞానము పొందిన చోటికి, పోయి నాటినుండి ధర్మయాత్రలు ఆరంభించినాననియు అశోకుడు అందు చెప్పుకొన్నాడు. ఆ యాత్రలలో శ్రమణులను, బ్రాహ్మణులను చూచి దానమిచ్చుట, వృద్ధులను దర్శించి ఆదుకొనుట, పల్లెజనమును కలిసికొని ధర్మమును గూర్చి మాటాడుట జరిగెడిదట. ఇందులోని ఆనందము మునుపటి వినోదములలో లేదని కూడ ఆయన వ్రాయించినాడు. రాజు ప్రయాణములు మానలేదు. దారిలో ఎవరిని చూడవలెనో, వారితో ఏమి మాటాడవలెనో అను విషయమున మాత్రము మారినాడు. దారి తెలిసినవాని వెంట పదిమంది కలిసి కొండలను, చెరువులను కాలినడకన చుట్టివచ్చు పద్ధతిని వివరింపబూనిన మాకు ఇంతకన్న మంచి నిర్వచనము దొరకలేదు.

అదే కొండమీది రెండవ శాసనమున, మనుష్యులకును పశువులకును ఉపయోగపడుటకై బాటల వెంట బావులు త్రవ్వించి చెట్లు నాటించినట్లు ఉన్నది. మన సీమ బాటసారికి ఈ రెండు కోరికలే నేటికిని మిగిలియున్నవి. ఒక చిత్రమేమనగా, పత్తికొండలో మరియొక పాలకుని జ్ఞాపకార్థము కట్టినది కూడ బావియే. 1800 నుండి 1807 వరకు దత్తమండలములకు కలెక్టరుగా ఉండి, డేరాలలో నివసించుచు ఈ నేలనంతయు తిరిగిన థామస్ మన్రో, పిదప మద్రాసు గవర్నరై, తిరిగి ఈ ప్రాంతములను చూడవచ్చి 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించినాడు. ఆయన పేర అక్కడ తోపు నాటించి, రాతిమెట్ల బావి త్రవ్వించినారు. కలరా నీటివలన వచ్చు జబ్బని ఆనాటి వైద్యులకు ఇంకను తెలియదు. తెలిసిన మనము కొండదారిన కనబడిన ప్రతి గుంటలోను దోసిలి ముంచరాదు.

బృందనడక యను ఆచారము ఆధునిక కాలమున పాశ్చాత్యదేశములలో ఎట్లు పెరిగినదో కొంచెము చెప్పవలెను. ఇంగ్లండు వాయవ్యమున కొండలును సరస్సులును కలసియున్న సీమ ఒకటి కలదు; వర్డ్స్‌వర్త్ కవి నివసించిన చోటగుటచే ఆంగ్లసాహిత్యము చదివిన మన విద్యార్థులకు అది పరిచితమే. అయితే ఆ సీమను కవులకన్న నూలుమిల్లుల కార్మికులే ఎక్కువగా అనుభవించినారని మా అభిప్రాయము. లాంకషైరులోని కోల్న్ అను పత్తిపరిశ్రమ పట్టణమున టి. ఎ. లియొనార్డ్ అను క్రైస్తవ మతబోధకుడు ఉండెడివాడు. మిల్లు పనివారు ఏడాదికి ఒకమారు దొరకు సెలవులను, కూడబెట్టిన డబ్బును సముద్రతీరపు సంతలలో వ్యర్థపరచుట చూచి, 1891లో ఆయన 32 మందిని వెంటబెట్టుకొని ఆంబుల్‌సైడ్ అను సరస్సుల ఊరికి తీసికొనిపోయి నాలుగు రోజులు కొండలలో నడిపించినాడు. రెండేండ్లకే దానినుండి ఒక సహకార సంఘము పుట్టినది. దూదియు సహకారమును వినగానే మనకు ఆదోని పత్తిమార్కెట్టును, 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో నెలకొల్పిన చేనేత సహకార సంఘమును జ్ఞప్తికి రాకమానవు. జిన్నింగు మిల్లులోనో, మగ్గపు గుంటలోనో దినమంతయు గడుపు తండ్రుల బిడ్డలు మన తరగతులలో ఎందరో ఉన్నారు.

జర్మనీలో ఈ పనికి పూనుకొన్నవాడు ఒక బడిపంతులు. రిచర్డ్ షిర్మన్ 1909లో విద్యార్థులతో కాలినడకన పోవుచు, గాలివానలో చిక్కి, ఒక పల్లెలోని బడిలో ఆ రాత్రి తలదాచుకొన్నాడు. సెలవులలో ఖాళీగా ఉండు బడులను నడచువారికి ఏల విడుదులుగా ఈయరాదని ఆ రాత్రి ఆయనకు తోచినది. యువజన వసతిగృహముల ఉద్యమమునకు అది మొదలు. మన దేశమున కూడ ఆ సంఘము ఏర్పడి నేటికిని పర్వతయాత్రలు నడుపుచున్నది.

అంతదూరము పోనక్కరలేదు. ఏటేటా ఉగాదికి ముందు మన వీధులగుండనే సాగిపోవు కన్నడ పాదచారులను చూడుడు. ఉత్తర కర్ణాటకము నుండి బయలుదేరి, ఎమ్మిగనూరు మొదలగు ఊళ్ళ మీదుగా ఆత్మకూరు చేరి, వెంకటాపురము కడ నల్లమల అడవిలో ప్రవేశించి, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను దాటి శ్రీశైలము ఎక్కుదురు. కొందరు మరగాళ్ళమీద నడచుట కూడ కలదు. ఆ అడవి ఇప్పుడు పులుల అభయారణ్యము. అటవీశాఖవారు పండుగ దినములలోనే ఆ దారిని అనుమతింతురు. మతమును గూర్చి మేమిక్కడ మాటాడుట లేదు, నడకను గూర్చి మాత్రమే. ఆ బృందములలో అనేకమారులు నడచిన పెద్ద ఒకడు ముందుండును. ఎక్కడ నీరున్నదో, ఏ మలుపు కడ ఆగవలెనో ఆతనికి తెలియును. అలసినవారిని విడిచి ముందుకు పోరు. మజిలీకి మజిలీకి నడుమ దూరమును పెచ్చెరువు వంటి నీటితావులే నిర్ణయించును. ఎవరును పుస్తకము చూచి నేర్చుకొన్న శాస్త్రము కాదిది. మన ఊళ్ళ ప్రజలు, ముస్లిములు సైతము, వారికి మజ్జిగ, నీరు అందించుట మేము ఎరుగుదుము.

ఇక మన చెంతనే ఉన్న ఆదోని కొండకు వత్తము. అదవాని అనునది దీని పాతపేరు. మొగలుల కాలమున కొంతకాలము ఇంతియాజ్‌గఢ్ అనిరి. వలయాకారముగా నున్న అయిదు కొండలమీద కోట వ్యాపించినది. వాటిలో బారాకిల్లా, తాళిబండ అను రెండును మైదానమునకు సుమారు 800 అడుగుల ఎత్తు ఉన్నవి. కొండ నడుమ ఒక చెరువు కలదు. అది ఎన్నడును ఎండలేదని పాత గెజెటీరులు వ్రాసినవి. విజయనగర రాజులు, బిజాపురు ఆదిల్‌షాహీలు, మొగలులు, నిజాము సోదరుడు బసాలత్ జంగు, 1786లో ముట్టడించి పట్టుకొన్న టిప్పు సుల్తాను, 1800లో దత్తత పొందిన ఇంగ్లీషువారు: ఇందరు దీనికొరకు పెనగులాడుటకు కారణము ఆ ఎత్తును, ఆ నీరును అని తరగతిగదిలో చెప్పవచ్చును. మండుటెండలో పైకెక్కి, గుక్కెడు నీటికి తపించి, క్రిందనున్న మైదానమును నాలుగు దిక్కుల చూచిన విద్యార్థికి చెప్పవలసిన పని లేదు. బిజాపురు ప్రతినిధి సిద్ది మసూద్ ఖాను 1688లో మొగలు సేనకు లోబడుటకు కారణము, శత్రువుల ఫిరంగులు తాను కట్టించిన జామియా మసీదువైపు తిరుగుటయే అని ఒక కథ ప్రచారములో ఉన్నది. కోటగోడమీద నిలిచి మసీదు మినారులు ఎంత దగ్గరలో ఉన్నవో చూచినవాడు ఆ కథను ఎంతవరకు నమ్మవచ్చునో తానే తేల్చుకొనగలడు.

ఇట్టి నడకకు కాలము లెక్కించుటకు నెయిస్మిత్ అను స్కాట్లండు పర్వతారోహకుడు 1892లో ఒక సూత్రము చెప్పినాడు: మూడు మైళ్ళకు ఒక గంట, ప్రతి 2000 అడుగుల ఎత్తుకు మరియొక గంట. ఆ లెక్కన ఆదోని కొండ 800 అడుగులకు 24 నిమిషములు అదనము. ఈ సూత్రము చలిదేశపు బలిష్ఠులకు సరిపోవును. కాగుచున్న బండలమీద, కొత్తగా ఎక్కు నలుబదిమందితో, ప్రతి బురుజు కడ ఆగి మాటాడుకొనుచు పోవు మనము దానిని రెట్టింపు చేసికొనవలెను. కార్తీకము నుండి మాఘము వరకు మంచి కాలము. తెల్లవారుజామున బయలుదేరి, ఎండ ముదురకముందే దిగవలెను.

మార్గదర్శి అనగా ముందు వడివడిగా నడచువాడని చాలమంది అనుకొందురు. మా దృష్టిలో ఆతని పని అంతకు వారము ముందే మొదలగును. ఆ దారిని తాను ఒకమారు నడచి, నీడ ఎక్కడ, నీరు ఎక్కడ, జారుడు బండ ఎక్కడ అని చూచుకొని రావలెను. బయలుదేరునపుడు తలలు లెక్కింపవలెను; ప్రతి మజిలీలోను మరల లెక్కింపవలెను. అందరికన్న మెల్లగా నడచువానిని తనకు వెనువెంటనే ఉంచుకొని, ఆ అడుగును బట్టియే బృందమును నడపవలెను. నమ్మకమైన మరియొకరు అందరికిని వెనుక ఉండి, ఎవరు ఆగినను తామును ఆగవలెను. గంటకు ఒక్కొక్కరికి అరలీటరు చొప్పున కాచి చల్లార్చిన నీరు ఇంటినుండియే రావలెను. రాతిచరియలకు తేనెపట్టులుండుట సాధారణము. పొగయు, కేకలును అక్కడ పనికిరావు. బండల సందులలో చేయి పెట్టరాదు. చెరువు గట్టున కూర్చుండి జొన్నరొట్టె తినవచ్చును గాని, ఈత వచ్చినను రాకున్నను నీటిలో దిగరాదు; ఈ ఒక్క నియమమున మినహాయింపు లేదు. స్థానికుడైన గొర్రెలకాపరిని ఒకనిని కూలి ఇచ్చి వెంట తీసికొనుట మరువరాదు. ఆతడు కూలివాడని కాక, ఆ పూటకు మన అధ్యాపకుడని విద్యార్థులు గ్రహింపవలెను.

పాలకవర్గమువారు ఇట్టి నడకలకు అనుమతి ఇచ్చుటకు వెనుకాడుట మాకు తెలియును. వారి భయము నిరాధారము కాదు. 2014 జూన్ 8న హైదరాబాదు నుండి విహారయాత్రకు పోయిన ఇంజనీరింగు విద్యార్థులు హిమాచల్ ప్రదేశములో బియాస్ నది నడుమ ఉండగా, ఎగువనున్న లార్జీ ప్రాజెక్టు నుండి వదలిన నీరు ఒక్కసారిగా వచ్చిపడి 24 మంది ప్రాణములు తీసినది. ఆ తల్లిదండ్రుల దుఃఖమును తలచుకొన్న ఏ సంఘమైనను సంతకము పెట్టుటకు ముందు చేయి ఆపుకొనును. కాని అనుమతి లేనంతమాత్రాన విద్యార్థులు కొండకు, చెరువుకు పోవుట మానుచున్నారా? ఆదివారము మధ్యాహ్నము నలుగురైదుగురు చేరి, ఇంట చెప్పక, నీరులేక, దారి అడుగక పోవుచున్నారు. మనము నిరాకరించుచున్నది మార్గదర్శిని మాత్రమే.

విద్యార్థినుల సంగతి ఇంతకన్న కఠినము. మగపిల్లలు చెప్పక పోగలరు. ఆడపిల్లలు అట్లును పోలేరు. ఆదోనిలో పుట్టి పెరిగి, ఇంటి మిద్దెమీదనుండి దినమును చూచు కొండను ఒక్కనాడైనను ఎక్కని విద్యార్థినులు మా తరగతిలోనే ఉన్నారు. నల్లమల దారిన పోవు బృందములలో పసిబిడ్డలను చంకనెత్తుకొన్న తల్లులు నడచుచుండగా, పట్టపగలు మూడుగంటల నడక వీరికి అసాధ్యమనుట సరికాదు. పరదా పాటించు కుటుంబములకు సమ్మతమగునట్లు, విద్యార్థినులు మాత్రమే ఒక బృందముగా, ఇద్దరు మహిళాధ్యాపకుల పర్యవేక్షణలో, కోరిన తల్లులను కూడ వెంటబెట్టుకొని, జొహర్ వేళకు ఇల్లు చేరునట్లు ఏర్పాటు చేయుట కష్టమైన పని కాదు. ఈ విద్యాసంవత్సరమున ఏదో ఒక నడకనే అనుమతింపగలమని పాలకవర్గమువారు అందురేని, మొదట దీనినే అనుమతింపుడని మా మనవి.

అందుకు ఎర్రగుడినే ఎంచుకొనవలెనని మా కోరిక. కొండ పెద్దది కాదు, రహదారికి సమీపము. అక్కడ విద్యార్థినులకు తప్పక చూపవలసినది మరియొకటి కలదు. చిన్న శిలాశాసనములోని కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికి సాగగా, వాటి నడుమ కొన్ని కుడినుండి ఎడమకు, నాగలి చాలు మలుపు తిరిగినట్లు, వెనుకకు నడచును. బ్రాహ్మీలిపిలో ఇట్టి రాత మిక్కిలి అరుదు. తెలుగు శాఖ విద్యార్థినిని, ఉర్దూ శాఖ విద్యార్థినిని ప్రక్కప్రక్కన నిలిపి, ఎవరి పంక్తి ఏదో వ్రేలితో చూపుడనిన చాలును. కాని వ్రేలు బండకు తగులరాదు. అది కేంద్ర పురావస్తుశాఖవారి రక్షణలో నున్న కట్టడము. సుద్దముక్కతో అక్షరములను దిద్దుటయు, నీరు చల్లి చూచుటయు కూడదు. ఉదయపు ఏటవాలు వెలుతురులో చెక్కడపు గీతలు తేటగా కనబడును, ప్రొద్దు నెత్తిమీదికి వచ్చినచో రాతిలో కలిసిపోవును. కనుక బస్సు ఫజర్ నమాజు ముగియగానే కదలవలెను.