కారు స్టీరియో.. బిగించిన రోజే జాగ్రత్త!

మొదటి కారు కొన్నారు. ముచ్చటపడి టచ్‌స్క్రీన్ స్టీరియో పెట్టించారు. బాగుంది! కానీ కొన్ని క్లిప్పులు, స్క్రూలు తీస్తే అది ఊడొచ్చేస్తుంది. దొంగకి ఆ సంగతి బాగా తెలుసు. అందుకే..

బిల్లు: జీఎస్‌టీ బిల్లు అడిగి తీసుకోండి. సెట్ మీదుండే సీరియల్ నంబరును బిగించకముందే ఫొటో తీయండి. తర్వాత అది కనపడదు. పోలీసులకు దొరికిన సెట్ మీదేనని చెప్పేది ఆ నంబరే.

బీమా: థర్డ్ పార్టీ పాలసీతో దొంగతనానికి పైసా రాదు. కాంప్రిహెన్సివ్ ఉన్నా, బయట పెట్టించిన స్టీరియోను విడిగా పాలసీలో చేర్పించాలి. సాధారణంగా దాని విలువలో 4 శాతం ప్రీమియం. అంటే రూ.20 వేల సెట్‌కి రూ.800, పన్ను అదనం.

పార్కింగ్: ముందు ప్యానెల్ ఊడే రకమైతే తీసి వెంట తీసుకెళ్లండి. వెలుతురు, సీసీ కెమెరా ఉన్నచోట కారు ఆపండి.

దొంగ కనిపిస్తే: మీదికెళ్లొద్దు. వాడి చేతిలో ఏముందో తెలీదు కదా! దూరంగా ఉండి 112కి ఫోన్ చేయండి.

పోయాక: లోపల ఏదీ ముట్టుకోకుండా ఫొటోలు తీయండి. ఆరోజే పోలీసులకు ఫిర్యాదు చేసి, బీమా కంపెనీకి చెప్పండి. ఆండ్రాయిడ్ సెట్ అయితే ఫోన్ నుంచే మీ గూగుల్ ఖాతాను అందులో సైన్ అవుట్ చేసేయండి.

ఇంకోమాట. బిల్లు లేకుండా సగం ధరకే సెట్ ఇస్తామంటే ఆశపడొద్దు. దొంగ సొత్తని తెలిసీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317 సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు. కొనేవాళ్లున్నారనే కదా, వాడు అద్దాలు పగలగొట్టేది!