కింద గీత ఉందా, లేదా?

లెక్కల్లో తరచూ వాడే అసమానత గుర్తులు నాలుగు: <, >, ≤, ≥. వాటిలో ఒక్క అడ్డగీత మరిచిపోతే అర్హులు అనర్హులైపోతారు

లిఫ్టులో ‘8 మందికి మించరాదు’ అని రాసి ఉంటుంది. ఎనిమిదో మనిషి నిశ్చింతగా ఎక్కొచ్చు, తొమ్మిదో మనిషి ఆగాలి. లెక్కల్లో దీన్నే ≤ 8 అంటారు. ఓటు హక్కుకు 18 ఏళ్లు నిండాలి. అంటే ≥ 18. 1989లో అమల్లోకి వచ్చిన 61వ రాజ్యాంగ సవరణ 21ని 18 చేసింది. అంకె మారింది తప్ప గుర్తు మారలేదు.

మొసలి నోరు ఎప్పుడూ పెద్ద సంఖ్య వైపే తెరుచుకుంటుందని బడిలో చెబుతారు. 7 > 4, 4 < 7. ఏది పెద్దదో తేల్చడానికి ఆ చిట్కా చాలు. కానీ సరిగ్గా హద్దు మీద నిలబడ్డవాళ్లు లోపలా, బయటా? ఆ తీర్పు కింది గీతది.

ఆలస్యంగా వచ్చిన గీత

<, > గుర్తులు తొలిసారి అచ్చులో కనిపించింది 1631లో, ఇంగ్లండ్ గణితవేత్త థామస్ హారియట్ పుస్తకంలో. గెలీలియోకన్నా ముందే టెలిస్కోపులో చంద్రుణ్ని చూసి బొమ్మ గీసిన హారియట్, ఆ పుస్తకం చూసుకోలేదు. అది వెలువడేసరికి ఆయన పోయి పదేళ్లు. 1670లో జాన్ వాలిస్ ఆ గుర్తుల నెత్తిన ఒక గీత పెట్టారు. 1734లో ఫ్రాన్స్‌కు చెందిన పియర్ బుగే కింద రెండు గీతలు గీశారు. నేటి ≤, ≥ వాటి వారసులే.

కంప్యూటర్లొచ్చాక కథ మళ్లీ మొదటికొచ్చింది. 1963 నాటి ఆస్కీ అక్షరపట్టికలో <, > ఉన్నాయి గానీ ≤, ≥ లేవు. అందుకే ప్రోగ్రామర్లు ఇప్పటికీ <=, >= అని రెండేసి గుర్తులు కొడతారు.

టైప్ చేసేదెలా?

ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డుతో షిఫ్ట్, కామా కలిపి నొక్కితే < బదులు ‘ష’ పడుతుంది. కాబట్టి ముందు ఇంగ్లిష్‌లోకి మారాలి. వర్డ్‌లో 2264 కొట్టి ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే ≤ వస్తుంది, 2265 కొడితే ≥. మ్యాక్‌లో ఆప్షన్‌తో కామా నొక్కితే ≤, ఫుల్‌స్టాప్ నొక్కితే ≥. చాలా ఫోన్లలో < మీద వేలు కాసేపు అదిమి ఉంచితే ≤ పైకి తేలుతుంది.

ఇవేవీ తెలియనివాళ్లు > కొట్టి దానికి అండర్‌లైన్ పెట్టేస్తారు. కాగితం మీద తేడా తెలియదు. అసలు చిక్కు కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టినప్పుడు వస్తుంది. అండర్‌లైన్ అలంకారమే తప్ప అక్షరం కాదు కాబట్టి అది ఊడిపోతుంది. ‘35 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే పాస్’ అన్న నియమం కాస్తా ‘35 దాటితేనే పాస్’ అయి కూర్చుంటుంది.

ఎక్సెల్ ఫార్ములాలో మాత్రం ≥ పనికిరాదు, >= అనే కొట్టాలి. మార్కుల పట్టికకు ఫార్ములా రాశాక 90 వేసి పాసైందని సరిపెట్టుకోకండి. 34, 35, 36 వేసి చూడండి. 34 తప్పి, మిగతా రెండూ గట్టెక్కితేనే ఆ ఫార్ములాను నమ్మండి.